తాతల నాటి కత్తి ఇంట్లో ఉంటే కేసు పెడతారా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. పాత పెంకుటిల్లు కూలగొడుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన పొడవాటి కత్తి బయటపడింది. మా మామ బతికున్నన్నాళ్లూ దసరాకు తీసి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసేవాడు. ఆయన పోయినంక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మా ఆయన దాన్ని హైదరాబాద్‌లో కొత్తగా కొన్న ఫ్లాటులో హాలు గోడకు పెడదామంటున్నారు. మా మరిదేమో గృహప్రవేశం రోజు దాంతోనే కేకు కోసి రీల్ పెడదామంటాడు. లండన్‌లో ఉన్న ఆడబిడ్డ తనకు పంపమని అడుగుతోంది. పక్కింటాయన మాత్రం "లైసెన్సు లేకుండా కత్తి ఉంచుకుంటే జైలే, రాత్రికి రాత్రి చెరువులో పడేయండి" అని భయపెట్టాడు. ఇంకో మాట. మా అబ్బాయి హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. బటన్ నొక్కితే తెరుచుకునే చిన్న కత్తి ఒకటి ఆన్‌లైన్‌లో కొని బ్యాగులో పెట్టుకున్నాడు. అదెందుకురా అంటే సేఫ్టీకి అంటాడు. వీటిలో ఏది తప్పు, ఏది కాదు? - ఒక సోదరి

సమాధానం:

అమ్మా, ముందు చెరువు సంగతి తేల్చేద్దాం. ఆ పని మాత్రం చేయకండి. నీళ్లలో వేసిన కత్తి రేపు చేపల వలకో, పూడిక తీసే కూలీలకో దొరుకుతుంది. ఎవరిది, ఎందుకు పడేశారు, ఏ గొడవలో వాడారు అని అప్పుడు ఆరా మొదలవుతుంది. రాత్రిపూట తీసుకెళ్లి పడేయాల్సినంత తప్పు మీరేమీ చేయలేదు. ఇలాంటి వస్తువును పద్ధతిగా అప్పగించే దారి చట్టంలోనే ఉంది, దాని గురించి కింద చెప్తాను.

మీ ఉత్తరమంతా పొడవాటి కత్తి గురించే ఉంది. అబ్బాయి చిన్న కత్తి గురించి చివర్లో రెండు ముక్కలు రాసి వదిలేశారు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ రెండు ముక్కలే. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

తుపాకులకైనా కత్తులకైనా మన దేశంలో చట్టం ఒకటే, 1959 నాటి ఆయుధాల చట్టం. దాడికి గానీ ఆత్మరక్షణకు గానీ ఆయుధంగా వాడేందుకు తయారుచేసిన వస్తువు, అలా వాడేందుకు మార్చుకున్న వస్తువు ఏదైనా ఆయుధమేనని అందులో రెండో సెక్షన్ చెబుతుంది. పదునైన అంచు ఉన్న మారణాయుధాలు కూడా అందులోకే వస్తాయి. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి రావు. అందుకే మీ వంటింటి కత్తిపీటకూ, పొలంలో కొడవలికీ లైసెన్సు అక్కర్లేదు. కొబ్బరిబొండాల బండి మీద పెద్ద కత్తి ఉన్నా, గీత కార్మికుడు ముస్తాదులో కత్తులు పెట్టుకుని తాటిచెట్టు దగ్గరికి పోతున్నా ఎవరూ ఆపరు. అది వాళ్ల పనిముట్టు అని చూడగానే తెలుస్తుంది.

ఆ నిర్వచనంలో ఆత్మరక్షణ అనే మాట కూడా ఉంది, చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. "ఎవరినీ ఏమీ చేయను, నన్ను నేను కాపాడుకోవడానికే" అంటే తప్పించుకోవచ్చని మీ అబ్బాయి అనుకుంటున్నాడు. పండ్లు కోసుకోవడానికి అంటే ఆ చిన్న కత్తి పనిముట్టుగా కనిపించేదేమో. సేఫ్టీకి అన్నాక దాన్ని మనిషి మీద వాడటానికే పెట్టుకున్నట్టు తనే ఒప్పుకున్నట్టవుతుంది. పోలీసు ముందు కూడా ఇదే మాట చెప్తాడు, ఎందుకంటే వాడి దృష్టిలో అది మంచి కారణం.

ఇదే చట్టంలో 20వ సెక్షన్ ఉంది. ఆయుధాన్ని ఏదో చెడ్డ పనికి తీసుకెళ్తున్నారని అనుమానించడానికి తగిన పరిస్థితులు కనిపిస్తే, లైసెన్సు ఉన్నా లేకపోయినా, వారంటు లేకుండానే మనిషిని అరెస్టు చేసి ఆయుధం స్వాధీనం చేసుకోవచ్చు. ఈ సెక్షన్‌లో అంగుళాల లెక్కే లేదు. పరిస్థితినే చూస్తారు. పిక్నిక్ సామానులో పండ్ల మధ్య ఉన్న మడత కత్తి వేరు, అర్ధరాత్రి బస్టాండు దగ్గర కుర్రాడి జేబులో దొరికిన బటన్ కత్తి వేరు.

అంగుళాల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్తాను. ఎందుకంటే "తొమ్మిది అంగుళాల లోపు ఉంటే ఏం కాదు" అని అమ్మేవాళ్లు ధీమాగా చెప్తుంటారు. 2016 ఆయుధాల నిబంధనల్లో ఆయుధాలను కేటగిరీలుగా విడదీశారు. ఐదో కేటగిరీలో ఖడ్గాలు, బాకులు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్లు ఉన్నాయి. 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడు కత్తులు కూడా అందులోవే. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ పనులకు చేసినవాటిని మినహాయించారు. ఆ కొలత ఈ జాబితా కోసం పెట్టింది. అంతకంటే చిన్న కత్తిని జేబులో వేసుకుని ఎక్కడికైనా తిరగొచ్చని అందులో ఎక్కడా రాయలేదు. ఢిల్లీ సంగతే చూడండి. బటన్‌తో, స్ప్రింగ్‌తో తెరుచుకునే కత్తుల మీద అక్కడ ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఉంది. బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే లైసెన్సు లేకుండా పెట్టుకోవడమే నేరం. 7.62 అంటే సరిగ్గా 3 అంగుళాలు. రేపు మీవాడు ఇంటర్న్‌షిప్‌కో, కోచింగ్‌కో అదే బ్యాగు తగిలించుకుని ఢిల్లీలో రైలు దిగాడనుకోండి, ఇక్కడ ఎవరూ పట్టించుకోని కత్తి అక్కడ కేసవుతుంది.

కేసు కంటే నేను ఎక్కువ భయపడేది ఇంకొకటుంది. హాస్టల్ కుర్రాళ్ల గొడవలు మాట మీద మొదలై, తోపులాట దాకా వచ్చి, చాలావరకు అక్కడే చల్లారిపోతాయి. జేబులో కత్తి ఉంటే చల్లారే దాకా ఆగరు. బెదిరించడానికని తీసి ఎదుటివాడికి గాయం చేస్తే చాలు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 118వ సెక్షన్ వచ్చి పడుతుంది. పదునైన ఆయుధంతో గాయపరిస్తే, గాయం చిన్నదైనా మూడేళ్ల దాకా శిక్ష ఉంది. పెద్ద గాయమైతే శిక్ష ఇంకా చాలా పెరుగుతుంది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ అవసరమైన దానికి మించి హాని చేస్తే ఆ హక్కు కాపాడదు. చేత్తో నెట్టినవాణ్ణి కత్తితో పొడిచి ఆత్మరక్షణ అంటే కోర్టులో నిలబడటం కష్టం. ఇక పాస్‌పోర్టు, ఉద్యోగం వెరిఫికేషన్లలో ఆ కేసు ఎన్నేళ్లు వెంటాడుతుందో మీకు తెలియంది కాదు. కత్తి పట్టడం అలవాటు లేనివాడి చేతిలోంచి ఎదుటివాడు దాన్ని లాక్కోవడం కూడా ఎంతో తేలిక.

కాబట్టి ఈ వారాంతం వాడు ఇంటికి వచ్చినప్పుడు ఆ కత్తి బ్యాగులోంచి తీయించండి. వాపసు గడువు ఉంటే తిప్పి పంపేయండి. స్నేహితుడికి అమ్ముతానంటే ఒప్పుకోవద్దు. తిట్టి తీసేసుకుంటే ఇంకొకటి కొంటాడు కాబట్టి, వాడికి భయం దేని గురించో నిదానంగా అడగండి. "సేఫ్టీకి" అన్నాడంటే ఏదో జరిగే ఉంటుంది. సీనియర్లు ఎవరైనా బెదిరిస్తున్నారా? హాస్టల్ దారిలో లైట్లు లేవా? ఫోన్ లాక్కున్న సంఘటన ఏదైనా చూశాడా? సీనియర్ల బెదిరింపు అయితే అది ర్యాగింగ్, కాలేజీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సిన విషయం. దారి సమస్య అయితే నలుగురు కలిసి రావడం, వార్డెన్‌తో మాట్లాడటం, ఫోన్‌లో 112 వెంటనే కొట్టేలా పెట్టుకోవడం లాంటివి చూసుకోండి. అసలు భయం తీరితే కత్తి మాట వాడే మర్చిపోతాడు.

ఇప్పుడు మీ మామగారి కత్తి దగ్గరికి వద్దాం.

పక్కింటాయన చెప్పింది సగమే నిజం. తుపాకీ అయితే దేశంలో ఎక్కడైనా లైసెన్సు ఉండాల్సిందే, అది 3వ సెక్షన్. కత్తులకు అలా కాదు, వాటికి 4వ సెక్షన్ వర్తిస్తుంది. ఏదైనా ప్రాంతంలో పరిస్థితులను బట్టి తుపాకులు కాని ఆయుధాల మీద కూడా అదుపు ఉండాలని కేంద్ర ప్రభుత్వం అనుకుంటే, గెజిట్ నోటిఫికేషన్ ఇస్తుంది. ఆ ప్రాంతంలో, ఆ నోటిఫికేషన్‌లో చెప్పిన రకం ఆయుధాన్ని కొనాలన్నా, ఇంట్లో ఉంచుకోవాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా లైసెన్సు కావాలి. లేకపోతే 25వ సెక్షన్ కింద జైలుశిక్ష ఉంది. అంటే మీరు అడగాల్సింది "కత్తి ఉండొచ్చా" అని కాదు, "ఈ ఊళ్లో ఈ రకం కత్తికి నోటిఫికేషన్ ఉందా" అని. మీ కత్తికి ఇప్పుడు రెండు చిరునామాలు కాబట్టి రెండు చోట్లా అడగాలి. మీ జిల్లాకు లైసెన్సులిచ్చే అధికారి కలెక్టర్. హైదరాబాద్‌లో అయితే మీ ఫ్లాటు ఏ పోలీసు కమిషనరేట్ కిందికి వస్తే ఆ కమిషనర్ ఆఫీసు. జవాబు రాతపూర్వకంగా తీసుకునే దాకా కత్తిని ఊళ్లోనే ఉంచండి. ఊళ్లో నోటిఫికేషన్ ఉందని తేలినా కంగారు పడాల్సిన పనిలేదు. పైన చెప్తానన్న దారి 21వ సెక్షన్. ఉంచుకునే హక్కు లేదని తెలిసిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని స్టేషన్‌లో డిపాజిట్ చేయాలని అది చెబుతుంది. తర్వాత లైసెన్సు వచ్చి ఉంచుకునే హక్కు దొరికితే తిరిగి తీసుకోవచ్చు.

పాత వస్తువులకు చట్టమే వర్తించదని ఎవరైనా 45వ సెక్షన్ చూపిస్తారేమో, నమ్మకండి. కాలం చెల్లిన ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి అందులో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ "తుపాకీగా వాడటానికి పనికిరాని" అనే షరతుతో రాసింది అది. దాన్ని నమ్ముకుని ఖడ్గం పట్టుకుని వీధిలోకి వెళ్లకూడదు.

దసరా పూజ మీద మీకు బెంగ అక్కర్లేదు. ఇంట్లో పీట మీద పెట్టి పూజ చేసుకుంటే అభ్యంతరం చెప్పేవాళ్లుండరు. ఆయుధ పూజ హైదరాబాద్ పోలీసులు కూడా ఏటా చేస్తారు. అయితే పూజ ఉంది కాబట్టి ఊరేగింపులో పట్టుకుని నడిచే హక్కు కూడా ఉందనుకోవద్దు. మత విశ్వాసంగా ధరించే హక్కును రాజ్యాంగం పేరు పెట్టి మరీ ఇచ్చింది సిక్కుల కృపాణానికి, 25వ అధికరణంలో. వాళ్లకు కూడా విమానంలో కొలతలున్నాయి. దేశీయ విమానాల్లో బ్లేడు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు.

మీ మరిదికి నా మాటగా చెప్పండి, కేకు ఆలోచన మానుకోమని. బర్త్‌డేకు తల్వార్‌తో కేకు కోసి వీడియో పెట్టినవాళ్ల మీద హైదరాబాద్‌లో, ఇంకా చాలా నగరాల్లో ఆయుధాల చట్టం కింద కేసులు పెట్టారు. సభల్లో నాయకులకు కత్తి బహూకరిస్తారు కదా, రాజుల ఇళ్లలో పెళ్లికొడుకు చేతిలో కత్తి ఉంటుంది కదా అంటాడేమో. అలాంటివి ఎక్కువగా పదును లేని అలంకారపు కత్తులు, పైగా అక్కడ సందర్భం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మీది యుద్ధానికి చేసిన అసలు కత్తి. మరిది చేతిలో అది ఎగురుతున్న రీల్, చూసేవాళ్లకు బెదిరింపుగానే కనిపిస్తుంది. ఎన్నికలప్పుడు, పండుగ ఊరేగింపులప్పుడు, ఎక్కడైనా ఉద్రిక్తత ఉన్నప్పుడు నాగరిక్ సురక్ష సంహిత 163వ సెక్షన్ కింద ఆయుధాలు పట్టుకుని తిరగకూడదని ఉత్తర్వులిస్తారు. పాత లెక్కలో అది 144. ఆ రోజుల్లో కారు డిక్కీలో కత్తి ఉన్నా ఇబ్బందే.

కత్తిని ఎలా పట్టుకోవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటివి దొరికినప్పుడు చేతులు తెగేది ఇక్కడే. ఒర లోపలి చెక్క పుచ్చిపోయి, తోలు ఎండి, కుట్లు ఊడి ఉంటాయి. ఒరను పిడికిలి నిండా పట్టుకుని కత్తి లాగితే, పదును ఆ కుట్టులోంచి బయటికొచ్చి వేళ్లకు దిగుతుంది. ఒరను కత్తి వీపు వైపు నుంచి, వేళ్లు పదును వైపు చుట్టుకోకుండా పట్టుకోవాలి. ముందు అంగుళం కదిలించి చూడాలి. తుప్పుతో బిగిసిపోయి ఉంటే బలవంతం చేయకండి. బయటికొచ్చాక టైలరు టేపుతో కొలవండి. పిడి అయిపోయిన చోటు నుంచి మొన దాకా పొడవు, ఎక్కువ వెడల్పు ఉన్న చోట వెడల్పు. వంపు ఉందా, తిన్నగా ఉందా రాసుకోండి. పిడి చివర గుండ్రని బిళ్ల ఉంటుంది, దాని మీద, పిడి దగ్గర బ్లేడు మీద అక్షరాలో, ముద్రలో, బంగారు తీగ పనో ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఫోటోలు తీయండి. గరుకు కాగితంతో రుద్దడం, చింతపండుతో తోమడం, మెకానిక్ దగ్గర పాలిష్ పట్టించడం చేయొద్దు. దాని వయసు చెప్పే ఆనవాళ్లన్నీ ఆ పైపొరలోనే ఉంటాయి. మెత్తని బట్టతో దుమ్ము తుడిచి, పలచగా మిషను నూనె రాసి పెడితే చాలు.

వయసు ఎందుకంటే, మీ ఆడబిడ్డ కోరిక దాని మీదే ఆధారపడి ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక, కళాత్మక విలువ ఉండి వందేళ్లు నిండిన వస్తువు పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చిన సంస్థకే తప్ప మామూలు మనుషులకు లేదు. వందేళ్లు నిండలేదంటే ఆ మాట పురావస్తు సర్వే విభాగం సర్టిఫికెట్ రూపంలో ఇవ్వాలి. అదొక్కటే చాలదు. ఏ ఆయుధాన్నైనా దేశంలోకి తేవాలన్నా, దేశం నుంచి పంపాలన్నా ఆయుధాల చట్టం 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. విదేశీ వెబ్‌సైట్లలో జపాన్ కత్తులు ఆర్డర్ చేసే కుర్రాళ్లకు కూడా ఇదే సెక్షన్ అడ్డొస్తుంది.

బ్రిటన్ వైపు ఇంకో చిక్కుంది. 50 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ పొడవున్న వంపు కత్తుల అమ్మకాన్నీ, దిగుమతినీ అక్కడ 2008లో నిషేధించారు. మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు. అంటే అక్కడ దారి తెరిచే వయసే ఇక్కడ దారి మూసేస్తోంది. మామగారి కత్తి వంపు తిరిగినదై, పొడవు 50 సెంటీమీటర్లు దాటితే, లండన్ పంపాలన్న ఆలోచన మానుకోవడమే మేలని నా సలహా. బట్టల మధ్య పెట్టి సూట్‌కేసులో తీసుకెళ్దామని మాత్రం అస్సలు అనుకోవద్దు. ఎక్స్‌రేలో ఖడ్గం దాగదు. ఆడబిడ్డకు మంచి ఫోటోలు తీసి పంపండి. సెలవులకు వచ్చినప్పుడు దసరా కలిసొస్తే పూజలో కూర్చుంటుంది.

మీ ఆయన కోరిక సమంజసమైనదే. తండ్రి చేతి వస్తువు కళ్ల ముందు ఉండాలనుకోవడంలో తప్పేముంది? కమిషనర్ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని వస్తే, లైసెన్సు కావాలంటే అదీ వచ్చాక, గోడకు పెట్టుకోండి. రెండు మేకులు కొట్టి వేలాడదీయకుండా, అద్దం, తాళం ఉన్న చెక్క పెట్టె చేయించండి. బంధువుల పిల్లలు వస్తారు, సోఫా ఎక్కితే అందేంత ఎత్తులో ఉంటుంది. ఊరి నుంచి తెచ్చేటప్పుడు బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసి, కారు డిక్కీలో నేరుగా తీసుకురండి. బస్సులో వద్దు, దారిలో చుట్టాలింటికి తీసుకెళ్లి చూపించడం వద్దు.

ఇక కాగితం. ఊరి పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి (ఎస్‌హెచ్‌ఓ) మీ ఆయన పేరుతో ఒక అర్జీ రాయండి, ఒక కాపీ కలెక్టర్ ఆఫీసుకు ఇవ్వండి. ఇల్లు ఏ తేదీన కూలగొట్టారో, కత్తి ఎక్కడ దొరికిందో, పనిచేస్తున్నవాళ్లలో ఎవరు చూశారో రాయండి. మామగారి పేరు, ఆయన ఎప్పుడు పోయారు, దసరా పూజకు వాడేవారన్న మాట రాయండి. కొలతలు, రెండు వైపుల నుంచి తీసిన ఫోటోలు జతచేయండి. ఇది ఉంచుకోవడానికి ఈ ప్రాంతంలో లైసెన్సు అవసరమా, అవసరమైతే దరఖాస్తు ఎలా చేయాలి, అప్పటిదాకా స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారా అని సూటిగా అడగండి. అబ్బాయి కత్తిని తిప్పి పంపడం కుదరకపోతే దాన్ని కూడా ఇందులోనే ఒక వాక్యంలో రాసి అప్పగించేయండి. అర్జీ ఇచ్చేటప్పుడు మామగారి కత్తి వెంట తీసుకెళ్లకండి, ఫోటోలు చాలు. కాపీ మీద తేదీతో, స్టేషన్ ముద్రతో సంతకం తీసుకోండి. ఇవ్వడానికి వెనకాడితే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. డిపాజిట్ చేయమంటే పంచనామాలో కొలతలు, పిడి మీది ముద్రలు రాయించి, ఆ కాపీ కూడా అడిగి తీసుకోండి. రేపు తిరిగి తెచ్చుకునేటప్పుడు ఇది మీ కత్తేనని చూపించడానికి అదే ఆధారం.